టెంటంటే మా ఆవిడ ఎందుకొద్దందో

చలికి పేరున్న మన్యం ఊరు లంబసింగి వెళ్లి టెంట్‌లో పడుకుందామంటే మా ఆవిడ అడిగేది ఒక్కటే: "బాత్రూమ్ ఎక్కడ?" రెండేళ్లు దాన్ని వంక అనుకున్నాను. తప్పు నాదే.

ఈసారి ముందు మా మేడ మీదే టెంట్ వేశాం. అర్ధరాత్రికే నడుం పట్టేసి కిందికొచ్చేశాం. అప్పుడు తెలిసింది, చలి పైనుంచే కాదు, నేలలోంచీ లాగేస్తుంది. ఎన్ని దుప్పట్లు కప్పుకున్నా లాభం లేదు. అందుకే కింద ఫోమ్ మ్యాట్, దానిపైన అత్తగారి పాత బొంత. కొన్న స్లీపింగ్ బ్యాగ్ కన్నా అదే నయం!

బాత్రూమ్ పక్కనే ఉన్న క్యాంప్ వెతికి, తలుపుకి గడియ ఉందా అని ఫోన్ చేసి మరీ కనుక్కున్నాను. సిబ్బంది నవ్వారు, నవ్వనీ.

జనవరిలో వెళ్లాం. తెల్లారి ఆరింటికి మంచు చూద్దామని నన్ను లేపింది తనే. టెంట్ మడతపెట్టడం మాత్రం ఇద్దరికీ చేతకాలేదు.