వరద తగ్గాక నూతి నీటిని శుద్ధి చేసుకునే విధానం

వంశధార, నాగావళి, చంపావతి ఒడ్డున ఉన్న పల్లెలకు వరద వచ్చిన రోజు కంటే, అది తీసిన తర్వాతి వారం పది రోజులే ఎక్కువ ప్రమాదకరం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు కరెంటు పోయి, మోటార్లు ఆగి, ఉద్దానం జనం తాగునీటికి కటకటలాడారు. 2024 అక్టోబరులో గుర్ల మండలంలో అతిసారం ప్రబలి పలువురు ప్రాణాలు కోల్పోయారు. అందువల్ల నూతిలో క్లోరిన్ కలపడం ఊరికి నలుగురికైనా చేతనై ఉండాలి.

ఇందుకు వాడే బ్లీచింగ్ పౌడరుకు పెద్ద చరిత్రే ఉంది. 1847లో వియన్నా ప్రసూతి ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు, శవపరీక్షలు చేసి నేరుగా కాన్పులకు వచ్చే వైద్యులందరూ ఈ పౌడరు కలిపిన నీళ్లతోనే చేతులు కడుక్కోవాలని నియమం పెట్టాడు. ఏప్రిల్‌లో నూటికి 18 దాకా ఉన్న బాలింతల మరణాలు జూన్ నాటికి రెండుకు దిగాయి. వ్యాధులకు క్రిములే కారణమని అప్పటికి వైద్యలోకం ఎరగదు. 1854లో లండన్‌లో జాన్ స్నో కలరా మరణాలను పటంలో గుర్తించి, ఒక వీధి పంపు నీరే కారణమని తేల్చి, దాని పిడిని తీయించాడు. 1884లో రాబర్ట్ కాక్ కలకత్తాలోని ఒక చెరువు నీటిలోనే కలరా క్రిమిని కనుగొన్నాడు.

ఇక పని విషయానికి వద్దాం. వరద నీరు చేరిన నూతిని ముందుగా తోడించి, అడుగున పేరుకున్న ఒండ్రు తీయించాలి. నీరు ఊరాక నూతి వ్యాసాన్ని, నీటి లోతును మీటర్లలో కొలవాలి. వ్యాసాన్ని వ్యాసంతో, ఆపై లోతుతో, ఆపై 785తో గుణిస్తే నీరు ఎన్ని లీటర్లుందో తెలుస్తుంది. రెండు మీటర్ల వ్యాసం, మూడు మీటర్ల లోతు ఉంటే సుమారు 9,400 లీటర్లు. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల చొప్పున, దానికి 25 గ్రాముల పౌడరు సరిపోతుంది.

పౌడరును నేరుగా నూతిలో చల్లకూడదు. ప్లాస్టిక్ బకెట్‌లో కొద్ది నీటితో ముద్దగా కలిపి, బకెట్ ముప్పాతిక వంతు నిండేలా నీరు పోసి, బాగా తిప్పి పది నిమిషాలు కదపకుండా ఉంచితే సున్నం అడుక్కి చేరుతుంది. పైన తేరిన నీటిని మాత్రమే మరో బకెట్‌లోకి వంచి, తాడుతో నూతి నీటి లోపలికి దించి, పైకీ కిందికీ, పక్కలకూ కదిలించాలి. కనీసం గంటసేపు ఎవరూ నీరు తోడకూడదు. రాత్రి కలిపి తెల్లవారి తోడుకోవడం అన్నిటికన్నా మేలు. ఆ తర్వాత నీటిలో మిగిలిన క్లోరిన్‌ను కొలిచే క్లోరోస్కోప్‌తో పరీక్షిస్తే లీటరుకు అర మిల్లీగ్రాము క్లోరిన్ మిగిలి ఉండాలి.

మూత తీసి ఉంచిన పౌడరు మన కోస్తా తేమకు త్వరగా సత్తువ కోల్పోతుంది. ఘాటు వాసన లేని పౌడరును నమ్మవద్దు. రోడ్ల పక్కన తెల్లని గీతలుగా చల్లే పౌడరు తాగే నీటిని ఏ మాత్రం శుద్ధి చేయదు, ఆ బస్తా నూతికి చేరడమే న్యాయం.

ఇంట్లో మరిగించిన నీరైనా, క్లోరిన్ బిళ్ల వేసి అరగంట ఆగిన నీరైనా మూత ఉన్న బిందెలోనే ఉంచి, పొడవాటి కాడ ఉన్న గరిటెతో తీసుకోవాలి. బిందెలో చేయి ముంచితే అంతవరకు పడిన శ్రమ వృథా అవుతుంది. ఒకే వీధిలో ఇద్దరు ముగ్గురికి విరేచనాలు మొదలైతే, లీటరు శుద్ధమైన నీటిలో ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తం కలిపి తాగిస్తూనే, ఆ రోజే ఏఎన్ఎంకు తెలియజేసి, కేసులు ఆగే వరకు నూతిలో ప్రతి రాత్రీ క్లోరిన్ కలపాలి.