కోరింగ మడ అడవిలోకి వెళ్లే ముందు జాగ్రత్తలు

ముందుగా పోటు, పాటు సమయాలు పడవవాళ్లను అడగండి. సముద్రం రోజుకు రెండుసార్లు పొంగి (పోటు) వెనక్కి తగ్గుతుంది (పాటు). పాటు వేళ కాలువలో నీరు తగ్గితే పడవ బురదలో కూరుకుపోతుంది, మళ్లీ పోటు వచ్చేదాకా కదలదు. మిగతావన్నీ దీని తర్వాతే.

లైఫ్ జాకెట్ లేనిదే పడవ ఎక్కవద్దు. తాగునీరు వెంట తీసుకెళ్లండి, లోపల ఉన్నదంతా ఉప్పునీరే.

చెక్క వంతెన దిగి నడవకండి. బురదలోంచి వేలెడు పొడవున నిటారుగా లేచిన మొనలు మడచెట్లు గాలి పీల్చుకునే వేళ్లు. తొక్కితే పాదానికి గాయం, చెట్టుకూ నష్టం.

తిల్ల చెట్టు కొమ్మ విరవకండి. కారే తెల్లని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పిల్లలకు ఇది గట్టిగా చెప్పండి.

నీటికుక్కలు, బావురుపిల్లి కనిపించాలంటే నిశ్శబ్దం కావాలి. పాటలు పెట్టవద్దు, తిండి విసరవద్దు.

జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు తీరంలో గుడ్లు పెడతాయి. రాత్రి ఇసుకపై టార్చి వేయకండి. గుడ్లలోంచి వచ్చిన తాబేలు పిల్లలు వెలుగుకేసి నడిచి దారి తప్పుతాయి.