ఉద్యోగం ముగిశాక మళ్లీ కుంచె పట్టడం ఎలా?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు రిటైరైన మన తెలుగువాళ్లను కదిపితే, "చిన్నప్పుడు బొమ్మలు బాగా వేసేవాణ్ణి" అనేవాళ్లు చాలామందే ఉంటారు. ముప్ఫై ఏళ్ల ఉద్యోగం తర్వాత మళ్లీ కుంచె పట్టేవాళ్లు ముందే తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఇన్నేళ్లలో ఎన్నో చూసి మీ కన్ను ఎదిగింది. చెయ్యి మాత్రం ఆపేసిన చోటే ఉంది. అందుకే కొత్తలో వేసిన ఏ బొమ్మా మీకే నచ్చదు. చాలామంది రంగులు అటకెక్కించేది అప్పుడే. దయచేసి ఆ తొందర పడకండి. కన్నును చెయ్యి అందుకునేదాకా చిన్న చిన్న బొమ్మలు వేస్తూ పోవాలి.

ముందు సామాను

నీటిరంగులతో మొదలుపెట్టండి. నూనె రంగులకు వాడే టర్పెంటైన్ వాసన ఉండదు, కిటికీ పక్కన చిన్న బల్ల చాలు. కాగితం దగ్గర మాత్రం పొదుపు వద్దు. పల్చటి డ్రాయింగ్ కాగితం తడవగానే ఉబ్బుతుంది, రంగు గుంటల్లో నిలిచిపోతుంది. ఆ లోపం మనదేననుకుని దిగులుపడతాం. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే) మందపాటి వాటర్‌కలర్ కాగితం కొని, ఒక్కో షీటును ఎనిమిది ముక్కలు చేసుకోండి. గుండ్రటి కుంచెలు 6, 12 నంబర్లవి చాలు. ట్యూబులు నాలుగు: అల్ట్రామెరైన్ బ్లూ, లెమన్ యెల్లో, క్రిమ్సన్ (ముదురు ఎరుపు), బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు). నలుపు అక్కర్లేదు. అల్ట్రామెరైన్‌లో బర్న్ట్ సియెన్నా కలిపితే బూడిద రంగు నుంచి దాదాపు నలుపు దాకా అన్నీ వస్తాయి. కలపడానికి తెల్ల పింగాణీ ప్లేటు, నీళ్లకు రెండు గ్లాసులు పెట్టుకోండి.

చదివే కళ్లద్దాలతో బొమ్మ వేస్తే మెడ పట్టేస్తుంది. బల్ల మీది కాగితం పుస్తకం కన్నా దూరంగా ఉంటుంది కాబట్టి, ఆ దూరం కొలిచి కళ్ల డాక్టరుకు చెప్పండి.

మొదట పెన్సిల్

రెండు వారాలు రంగు ముట్టుకోకండి. ఇంట్లో ఉన్న చెంబునే 4బి (మెత్తటి ములుకున్న) పెన్సిల్‌తో రోజూ గీయండి. చెంబు మూతి గుండ్రమని మనకు తెలుసు, కానీ పక్కనుంచి చూస్తే కోలగా ఉంటుంది. కనిపించినట్టే గీయండి. కళ్లు సగం మూసి చూస్తే నీడలు ఎక్కడెక్కడున్నాయో తేలిపోతుంది. చెయ్యి వణికితే మణికట్టుతో కాకుండా భుజం కదిలించి గీతలు లాగండి.

తర్వాత ఒకే రంగు

బర్న్ట్ సియెన్నా ఒక్కదానితో అదే చెంబు వేయండి. ఒక్క రంగుతో ఏమొస్తుందని అనిపిస్తే, రాయగడ, గజపతి జిల్లాల లాంజియా సవర గిరిజనుల గోడబొమ్మలు చూడండి. ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండితో, చీల్చిన వెదురు పుల్లతో మనుషులు, ఏనుగులు, గుర్రాలు, సూర్యచంద్రులు! అవి పూజకోసం వేసేవి, వాటిని అలంకారానికి కాపీ కొట్టడం నాకు నచ్చదు. ఖాళీ జాగాను వాళ్లు ఎలా నింపారో చూసి నేర్చుకుంటే చాలు.

ఇక బయటికి

నాలుగు రంగులూ చేతికి వచ్చాక పొద్దున్నే బరంపురం దగ్గరి గోపాలపురం (గోపాల్‌పూర్) సముద్ర తీరానికి వెళ్లండి. అక్కడి నోళియా జాలర్లలో చాలామంది తెలుగే మాట్లాడతారు. పడవ పక్కన కూర్చోవచ్చా అని ముందు అడగండి. పొద్దుటి సముద్రం నీలంగా ఉంటుందని అనుకోవద్దు. చాలా రోజులు బూడిద రంగులోనే ఉంటుంది, తడి ఇసుక మీద ఆకాశం కనిపిస్తుంది. నురగ ఉన్నచోట కాగితాన్ని ఖాళీగా వదిలేయండి. ఒకసారి రంగు పడితే ఆ తెలుపు మళ్లీ రాదు. లేత రంగులతో మొదలుపెట్టి ముదురు రంగులకు వెళ్లాలి. ముందుగా ఆకాశమంతా తడి కుంచెతో పైనుంచి కిందికి ఒక్క ఊపులో పూయండి, మధ్యలో ఆగి సవరించకండి. అది ఆరిందో లేదో వేలితో కాకుండా చేతి వెనక వైపు ఆనించి చూడండి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. వేసవిలో నిమిషాల్లో ఆరేది, వానాకాలంలో చాలాసేపు ఆరదు. ఆ వ్యవధిలో పక్క కాగితం మీద పడవ ఒక్కటే గీసుకోండి.

ప్రతి బొమ్మ వెనకా తేదీ వేయండి, నచ్చనివీ చింపకండి. మూడు నెలలకు అన్నీ వరసగా పరిచి చూస్తే చెయ్యి ఎంత కదిలిందో తెలుస్తుంది. మిగిలిన కాగితాన్ని మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో దాచండి. ఇక్కడి సముద్రపు తేమకు కాగితానికి తయారీలోనే పట్టించిన జిగురు పూత పాడైతే రంగు మచ్చలుగా ఇంకిపోతుంది.