ఎర పెట్టినా తిలాపియా, ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పడటం లేదా? సమస్య - పరిష్కారం

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం వైపు చెరువుల్లో తిలాపియా చేరితే బొచ్చ, శీలావతి పిల్లలకు మేత మిగలదు. 1952లో మన దేశానికి తెచ్చిన ఈ చేప చిన్న సైజులోనే గుడ్లకు వచ్చేస్తుంది. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకాన్ని 2000లో కేంద్రం నిషేధించినా, వరద వచ్చినప్పుడల్లా చెరువు నుంచి గెడ్డలోకి (వాగులోకి), గెడ్డ నుంచి మరో చెరువులోకి పాకుతూనే ఉంది. మందు చల్లితే మన చేపలూ చస్తాయి. అందుకే ఎర, మావు (దూరిన చేప బయటికి రాలేని వెదురు బుట్ట). పని మొదలుపెట్టే ముందు పంచాయతీని, చెరువును వేలంలో పాడుకున్న వాళ్లను అడిగి ఒప్పించండి.

సమస్య: చేపలు పడుతున్నాయి, కానీ ఎర వల్లేనా?

ఎక్కువ మంది తప్పు లెక్క వేసేది ఇక్కడే. నీడ కోసం, దాక్కోవడం కోసం కూడా చేప మావులో దూరుతుంది. తూము దగ్గరో తామరాకుల అంచునో పెడితే ఎర లేకపోయినా పడుతుంది. కాబట్టి ఎర లేని మావు ఒకటి పక్కన ఉండి తీరాలి.

ఒకే కొలత, అల్లికలో ఒకే సైజు కన్ను (సందు) ఉన్న మావులు నాలుగు తీసుకోండి. మూడింటిలో మూడు రకాల ఎరలు, ఒక్కొక్కటి 200 గ్రాములు. నాలుగో దాంట్లో ఖాళీ ఎర సంచి మాత్రమే కట్టండి. మావుకీ మావుకీ కనీసం 20 మీటర్ల దూరం ఉండాలి, లేకపోతే ఒకదాని వాసన ఇంకోదానికి చేరుతుంది. నాలుగు చోట్లకూ నంబర్లు వేసి, రోజుకో చోటు చొప్పున మావులను జరపండి. నాలుగు రోజుల్లో ప్రతి ఎరా ప్రతి చోటా ఒకసారి ఉంటుంది, చోటు తేడా లెక్కలోంచి పోతుంది. ఒక మావులో మొదటి నుంచి చివరి దాకా ఒకే ఎర వాడండి. వెదురుకు పట్టిన వాసన కడిగినా వదలదు.

పుస్తకంలో రాయాల్సినవి: చోటు, ఎర, దించిన సమయం, తీసిన సమయం, ఏ చేప ఎన్ని, బరువెంత. ఎర ఉన్న దాంట్లో 12 తిలాపియాలు, ఖాళీ దాంట్లో 9 పడితే ఎర తెచ్చినవి మూడే. అంత చిన్న తేడా వస్తే ఇంకో నాలుగు రోజులు తిప్పి చూడాలి.

సమస్య: ఎర మాయం, చేప లేదు

పీతలు, నత్తలు, చిన్న పరిగెలు తినేశాయి. 4 మిల్లీమీటర్ల బెజ్జాలు పొడిచిన ప్లాస్టిక్ సీసాలో ఎర పెట్టి, మావు మధ్యలో వేలాడదీయండి. నేలకు ఆనకూడదు.

ముద్ద కరిగిపోయినా ఇదే జరుగుతుంది. తిలాపియాకు అర కిలో తవుడు, పావు కిలో వేరుశనగ చెక్క, 100 గ్రాముల ఉడికించిన నూక, పట్టు కోసం 50 గ్రాముల గోధుమపిండి కలిపి గట్టిగా పిసకండి. బకెట్ నీళ్లలో వేసి అరగంట చూడండి. విడిపోతే పిండి పెంచండి. రాయిలా ఉండి నీళ్లలో రంగే దిగకపోతే తవుడు పెంచండి. బూజు పట్టిన చెక్క వద్దు.

సమస్య: మొదటి గంటలో పడ్డాయి, తర్వాత ఏమీ లేదు

ఎర మిగిలే ఉంటుంది, వాసన మాత్రం నీళ్లలో కలిసిపోయి ఉంటుంది. చేపను పిలిచేది ఆ కరిగే భాగమే. తిలాపియా మావును రెండు గంటలకోసారి తీసి ఎర మార్చండి. పాత ముద్దను చెరువులో పారేయకండి, నీరు పాడవుతుంది.

సమస్య: ఏ ఎరకూ రావడం లేదు

ముందు వేళ చూడండి. తిలాపియా పగలు మేస్తుంది, ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ రాత్రి తిరుగుతుంది. మొదటి దానికి ఎండ ఎక్కాక, రెండో దానికి పొద్దుగూకాక దించండి. క్యాట్‌ఫిష్ వాసన పట్టి వస్తుంది గనక కోడి పేగులు, ఎండుచేప పొడి మేలు.

తర్వాత నీటి వేడి. 20 డిగ్రీల కంటే తగ్గితే తిలాపియా మేత బాగా తగ్గిస్తుంది. పుష్యమాసం చలిలో పెట్టిన పరీక్షతో ఎర మంచిచెడ్డలు తేల్చకండి. తెల్లారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే నీటిలో ప్రాణవాయువు తక్కువని అర్థం. ఆ పూట అవి మేయవు.

సమస్య: మగవే పడుతున్నాయి

ఈ తిలాపియాలో ఆడది గుడ్లను, పిల్లలను నోట్లో దాచుకుని రెండు మూడు వారాలు మేత దాదాపు మానేస్తుంది. దానికి ఎర పనికిరాదు. ఒడ్డు పక్క లోతు తక్కువ చోట గిన్నెల్లా గుంతలు కనిపిస్తే అవి మగవి తవ్విన గూళ్లు. అక్కడ విసురువల వేయండి.

సమస్య: మన చేపలు చస్తున్నాయి

కొర్రమీను, మట్టగిడిస, మార్పు (మన నాటు క్యాట్‌ఫిష్) పైకి వచ్చి గాలి పీల్చాల్సిందే. పూర్తిగా మునిగిన మావులో అవి ఊపిరాడక చస్తాయి, తాబేలూ అంతే. మావు పైభాగం జానెడు నీటి పైన ఉండేలా కర్రకు కట్టండి. తెల్లారగానే తీయండి. మాంసం ఎరకు ఇవే ఎక్కువ వస్తుంటే ఆ చోట దాన్ని ఆపేయండి.

మార్పునూ ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌నూ చిన్నప్పుడు పోల్చడం కష్టం. ఒంటి మీద పాలరాయి మచ్చలుండి, కిలోన్నర దాటితే అది ఆఫ్రికనే. అనుమానముంటే మత్స్యశాఖ వాళ్లకు చూపించండి. పట్టిన క్యాట్‌ఫిష్‌ను మూత లేని బకెట్లో ఉంచకండి, పాకి పోతుంది. ప్రాణంతో మరో ఊరికి పంపకండి.

సమస్య: పట్టు తగ్గింది

చేపలు తగ్గాయా, మావుకు బెదిరాయా? ఎర పెట్టని చోట్ల విసురువల వేసి చూడండి. వలకు మునుపటిలాగే పడుతుంటే చేపలున్నాయి. అప్పుడు మావు నోరు తెరిచి, చేపలు వచ్చి పోయేలా మూడు రోజులు ఉత్తి ఎర వేసి, నాలుగో రోజు బిగించండి. ఒంటినిండా పెంకున్న సక్కర్ క్యాట్‌ఫిష్ కోసం మాత్రం ఈ ఎరలు వృథా. అది నాచు, బురద గీకి తింటుంది, దానికి వలే దారి.