బ్రహ్మోత్సవాల తొందరలో టార్చ్ వెలిగించే ముందు

బ్రహ్మోత్సవాలు దగ్గర పడితే తిరుపతిలో టింకరింగ్ షెడ్లన్నీ ట్యాక్సీలతో నిండిపోతాయి. ఘాట్‌లో పిట్టగోడకు గీసుకున్నవి, అలిపిరి దగ్గర వెనక నుంచి గుద్దించుకున్నవి, అన్నీ "రేపు పొద్దునకే కావాలన్నా" అనే బండ్లే. ఆ తొందరలో చెయ్యి ముందు గ్యాస్ టార్చ్ మీదికే పోతుంది. అంబాసిడర్ రోజుల్లో అది చెల్లింది, రేకు మెత్తది, ఎర్రగా కాల్చి సుత్తితో నాలుగు దెబ్బలేసి తడిగుడ్డ అద్దితే ముడుచుకుని దారికొచ్చేది. ఇప్పటి బండ్లకు అదే చేస్తే సొట్టతో పాటు బలమూ పోతుంది.

ముఖ్యంగా బీ పిల్లర్, అంటే ముందు తలుపుకీ వెనక తలుపుకీ మధ్య నిలబడే స్తంభం. చాలా కొత్త కార్లలో దాని లోపల బోరాన్ స్టీల్ ఉంటుంది, ఫ్యాక్టరీలో 900 డిగ్రీల దాకా కాల్చి అచ్చులోనే చల్లారుస్తారు కాబట్టి దానికి 1500 మెగాపాస్కల్ బలం. కమ్మరి కొడవలికి పట్టించే పదునులాంటిదే, మళ్లీ కాలిస్తే దిగిపోతుంది, బయటికి మాత్రం ఏమీ కనబడదు. పోయినేడు ఇంకెక్కడో చేయించుకొచ్చిన ఒక బండికి లోపలి ప్లాస్టిక్ తొడుగు (ట్రిమ్) ఊడదీస్తే పిల్లర్ లోపల అరచేయంత బూడిదరంగు మచ్చ, చుట్టూ నీలం, అంచున గడ్డి పసుపు. నీలమంటేనే 300 డిగ్రీలు, మధ్యలో ఎంత కాల్చారో! పైన లప్పం, పెయింటు అద్దంలా ఉన్నాయి.

అందుకే ఆ కారు రిపేర్ మాన్యువల్‌లో వేడి పెట్టొచ్చని ఉంటేనే, అదీ ఎంతవరకని ఉందో అంతవరకే. లేదంటే పార్టు మార్చడమే. కస్టమర్ గొణుగుతాడు, గొణగనీ.

బానెట్‌కు అయస్కాంతం అంటలేదంటే అల్యూమినియం అయ్యుండొచ్చు. అది ఎర్రబడి మనకు చెప్పదు, 660 డిగ్రీలు రాకముందే కరిగి జారిపోతుంది. మెరిసే రేకు మీద దూరం నుంచి వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్ తక్కువ చూపిస్తుంది, ఆ నంబరు నమ్మకుండా దాని మీద రాసినంత వేడికి కరిగే టెంపరేచర్ క్రేయాన్ గీసి చూసుకోండి.

రేకు వెనకాల ఏముందో చూడకుండా మంట పెట్టొద్దు. వైరింగ్, ఫోమ్, పెట్రోల్ పైపు ఒక ఎత్తు, రూఫ్ పక్కనుండే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్, పిల్లర్ అడుగున, గుద్దుకోగానే బెల్టును బిగించే సీట్‌బెల్ట్ ప్రిటెన్షనర్ ఇంకో ఎత్తు, వేడికి పేలతాయి. బ్యాటరీ తీసి, మాన్యువల్ చెప్పినంతసేపు ఆగి, వాటిని కూడా విప్పి దూరంగా పెట్టాలి. జింక్ పూత రేకు మీద తెల్లపొగ లేస్తే పీల్చొద్దు, రాత్రికి చలిజ్వరం పట్టుకుంటుంది. ఎలక్ట్రిక్ కారైతే పెయింట్ బూత్‌లో పెట్టే 60 డిగ్రీలు కూడా బ్యాటరీకి ఎక్కువ కావచ్చు, కంపెనీ లిమిట్ చూసుకోండి.

లోపలికి నొక్కుకున్న ప్లాస్టిక్ బంపర్‌కు మాత్రం వేడి మంచిదే. హీట్ గన్ ఒకేచోట ఆపితే పెయింటు బుడగలు లేస్తుంది, మరిగే నీళ్లు పోసి వెనక నుంచి తోస్తే చాలు. మా షెడ్‌లో కుర్రాళ్లు టీ పెట్టే కెటిల్‌తోనే కానిచ్చేస్తారు.