విధాన మార్పుకు నిధులు కోరడం, 3వ పాఠం: డబ్బు నుంచి నిర్ణయం దాకా

సేవా కార్యక్రమానికి అడిగే నిధికీ, అసమానతను నిలబెడుతున్న చట్టాన్నో ఉత్తర్వునో మార్పించడానికి అడిగే నిధికీ ఉన్న తేడాను గత పాఠంలో చూశాం. రెండో రకం ప్రతిపాదనలో అన్నిటికన్నా కష్టమైనది, దాత ఇచ్చే డబ్బు ఏ మెట్ల మీదుగా నిర్ణయాధికారి దాకా చేరుతుందో రాయడం. ఈ పాఠమంతా దాని గురించే.

ఒక నిజమైన ఉదాహరణ తీసుకుందాం. అమెరికాలో ‘వేరుగా ఉన్నా సమానమే’ అన్న సూత్రాన్ని 1896లో సుప్రీంకోర్టు సమర్థించిన తరువాత, దక్షిణాది రాష్ట్రాలు నల్లజాతి పిల్లలను వేరు బడుల్లో ఉంచి, వాటిపై శ్వేతజాతి బడులకన్నా చాలా తక్కువ ఖర్చు పెట్టేవి. వారసత్వంగా వచ్చిన ఆస్తిని తనకోసం వాడుకోవడానికి ఇష్టపడని చార్లెస్ గార్లండ్ అనే యువకుడి డబ్బుతో 1922లో ఏర్పడిన ఒక నిధి, ఈ అన్యాయంపై న్యాయపోరాటానికి, నల్లజాతివారి హక్కుల కోసం పనిచేసే ఎన్.ఏ.ఏ.సి.పి. అనే సంఘానికి 1930లో లక్ష డాలర్లు మంజూరు చేసింది. ఆర్థిక మాంద్యంలో నిధి ఆస్తులు కరిగిపోవడంతో ఆ మొత్తంలో కొంత భాగమే సంఘానికి అందింది.

ఆ కొద్ది డబ్బుతో చేసిన మొదటి పని, నాథన్ మార్గోల్డ్ అనే న్యాయవాది చేత పోరాట వ్యూహంపై సమగ్ర నివేదిక రాయించడం. తరువాత ఆ పోరాట బాధ్యత చేపట్టిన న్యాయవాది చార్లెస్ హ్యూస్టన్ ఆ వ్యూహాన్ని ఉన్నదున్నట్లు అనుసరించలేదు. నల్లజాతి విద్యార్థులకు వేరు న్యాయ కళాశాల అన్నదే లేని రాష్ట్రాలు ‘సమానమే’ అని వాదించలేవు కనుక, ఉన్నత విద్య నుంచి మొదలుపెట్టాడు. మేరీల్యాండ్‌లో 1936లో, మిస్సోరీ కేసులో 1938లో గెలుపు వచ్చింది. బడుల్లో వేర్పాటు రాజ్యాంగ విరుద్ధమన్న బ్రౌన్ తీర్పు 1954లో వచ్చేనాటికి ఆ నిధి మూతపడి చాలా ఏళ్లయింది.

నా దృష్టిలో ప్రతిపాదన రాసేవారు గ్రహించవలసింది ఇదే: తీర్పునో చట్టాన్నో ఫలితంగా హామీ ఇవ్వకూడదు, ఎందుకంటే అది మన చేతిలో లేదు. నివేదిక, దాఖలు చేసే కేసులు, శిక్షణ పొందే న్యాయవాదులు మన చేతిలో ఉన్నవి. హామీ వాటికే ఇవ్వాలి. దారి మార్చుకునే స్వేచ్ఛను కూడా ప్రతిపాదనలోనే స్పష్టంగా అడగాలి. రెండేళ్లలో చట్టం మారాలని పట్టుబట్టే దాతకు ఈ చరిత్రను ఓపికగా వివరించడం మన బాధ్యత.

ఇప్పుడు అభ్యాసం. తెలుగు రాష్ట్రాల్లోని సంక్షేమ వసతిగృహాల మెస్ చార్జీలు పెరగాలన్నది మీ లక్ష్యం అనుకోండి. వార్డెన్ల శిక్షణకు బడ్జెట్ వేస్తే ప్రతిపాదన దారి తప్పినట్లే, ఎందుకంటే ఆ రేటును నిర్ణయించేది వార్డెన్ కాదు, ప్రభుత్వం ఇచ్చే జీవో. దానికి ఆర్థిక శాఖ సమ్మతి కావాలి. కాబట్టి చివరి మెట్టుగా జీవోను రాసి, అక్కడి నుంచి వెనక్కి రండి: ఆర్థిక శాఖ ఏ లెక్క చూస్తే ఒప్పుకుంటుంది, సరుకుల ధరలను ఎవరు సేకరించాలి, విద్యార్థుల మాటను శాసనసభ్యుల దాకా ఎవరు తీసుకువెళ్లాలి? ఒక్కో మెట్టుకు ఒక పూర్తి వాక్యం రాసి, దాని పక్కనే ఖర్చు వేయండి. ఏ ఖర్చు ఏ మెట్టుకూ చెందకపోతే దాన్ని కొట్టేయండి.

కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద వచ్చే సామాజిక బాధ్యత నిధులను ఇలాంటి పనికి ఎంతవరకు అడగవచ్చో 4వ పాఠంలో చూద్దాం. మీరు రాసిన మెట్ల వరుసను దగ్గర ఉంచుకోండి.