లింక్‌డిన్‌కు తగిన ఫొటో ఎంచుకోవడం ఎలా?

లింక్‌డిన్‌లో ప్రొఫైల్ ఫొటో చిన్న వృత్తంలో కనిపిస్తుంది కనుక, సగానికి పైగా ముఖమే ఉండేటట్లు భుజాల వరకు తీసిన చిత్రాన్ని ఎంచుకోవాలి; కనీసం 400 × 400 పిక్సెళ్లు ఉండాలి.

విశాఖవాసులకు స్టూడియో తప్పనిసరి కాదు. ఆర్కే బీచ్‌కు సముద్రం తూర్పు వైపున ఉన్నందున, సూర్యోదయమైన కాసేపటికి అటు తిరిగి నిలబడితే లేత వెలుగు నేరుగా ముఖం మీద పడుతుంది. అలలను వెనుక పెట్టుకోవాలన్న కోరిక సహజమే గానీ, అప్పుడు సూర్యుడు కూడా వెనుకకే చేరి ముఖం నల్లబడుతుంది. పైగా అంత చిన్న వృత్తంలో బీచ్ ఒడ్డున ప్రదర్శనకు ఉంచిన కురుసుర జలాంతర్గామి ఎలాగూ కంటికి ఆనదు. ఎండ ముదిరితే కళ్లు చిట్లించాల్సి వస్తుంది, ఉక్కకు నుదురు మెరుస్తుంది. అటువంటప్పుడు ఇంట్లోనే కిటికీకి ఎదురుగా నిలబడడం మేలు.

దుస్తులు కార్యాలయానికి వేసుకునేవే చాలు. పెళ్లి ఫొటోలోంచి కత్తిరించగా పక్కవారి భుజం మిగిలిపోయిన చిత్రాన్ని మాత్రం పెట్టకండి.